రాత్రి ఇంటికి లేటుగా వచ్చేటోళ్లు పిల్లలతోని ఎట్ల కలుస్తున్రు?

ప్రశ్న (మిర్యాలగూడ)
అందరికీ నమస్తే. నేను రైస్ మిల్లుల పనిచేస్త, సీజన్ నడుస్తుంటే వడ్ల లారీలు లైన్ కడ్తయి, ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతది. కొడుకు మూడో తరగతి, బిడ్డకు మూడేండ్లు. రాంగనే బడిల ఏంజేసినవ్‌రా అని అడుగుత, ఏం లేదు డాడీ అంటడు, మల్ల టీవీ దిక్కు తిరుగుతడు. అదే వాళ్ల నాయనమ్మ కాడైతే ముచ్చట ఒడవదు. చిన్నదేమో ఫోన్ ఇస్తెనే బువ్వ తింటది. ఉన్న కొంచెం టైంల ఏంజేస్తె పిల్లలు దగ్గరైతరో తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు అక్క
తమ్మీ, ముందుగాల బడి గురించి అడుగుడు బంద్ చెయ్యి. పొద్దంత సార్లకు జవాబులు చెప్పొచ్చిన పిలగాన్ని ఇంటికాడ గూడ ప్రశ్నలడిగితె ఏం చెప్తడు. నాయనమ్మ దగ్గర ఎందుకు మాట్లాడుతుండో ఒక్కనాడు చూడు, ఆమె ఏమీ అడగదు, పని చేస్కుంట ఊఁ కొడ్తది. మా ఇంట్ల అనపకాయల కాలం వస్తె చాపేసుకొని అందరం ఒలుస్తం, అట్ల ఒలుస్తుంటే మా పెద్దోడు తల ఎత్తకుండనే "అమ్మా, నా దోస్తు నాతోని మాట్లాడ్తలేడు" అన్నడు. నేను ఎందుకురా అనలే, అట్లనా అని ఇంకో గుప్పెడు కాయలు వాని ముందటేసిన, ఇగ మొత్తం వాడే చెప్పిండు. ఎదురుంగ కూసోబెట్టి అడిగితె ఆ ముచ్చట బయటికొచ్చేదే కాదు. నీకు గూడ పొద్దుగాల నల్లా వచ్చే టైం ఉంటది గదా, బిందెల పైపు వాడు పట్టాలె, నువ్వు మోయాలె, అంత సేపు చాలు. ఒకటి గుర్తువెట్టుకో, తప్పు చేసిన అని వాడే చెప్పినప్పుడు అక్కడికక్కడ తిట్టకు, తిడితె ఇగ నోరిప్పడు.

అంగన్‌వాడీ టీచర్, దేవరకొండ
అన్నా, చిన్నదాని ఫోన్ సంగతి నేను చెప్త. రెండు నుంచి నాలుగేండ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లనే చెప్పింది, ఎంత తక్కువైతే అంత మంచిది, ఏడాది లోపు పిల్లలకైతే మొత్తానికే వద్దు. ఫోన్ మాట్లాడుతనే ఉంటది గని పిల్ల అన్నదానికి బదులియ్యదు, పిల్లలకు మాటలు పెరిగేదేమో ఎదుటోళ్లు బదులిస్తెనే. అట్లని ఒక్కసారే గుంజుకోకు. నువ్వు ఇంట్లున్న ఒక్క పూట పక్కన కూసోబెట్టుకొని తిను. అది కాకి అంటే, కాకి ఏడికి పోయిందే అను, మల్ల అది చెప్పేదాక ఆగు. బట్టల మీద పోస్కుంటది, పోస్కోనియ్యి, నీ చేత్తో తినిపిస్తె జల్ది అయితది గని దానికి తినుడు రాదు.

నల్లగొండ నాన్న
అన్నా, సెలవు దొరికిన్నాడు దూరం పోనక్కర్లే, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీస్కపో. లోపల లింగం మీద స్తంభం నీడ పొద్దంత పడుతనే ఉంటది, ఎండ తిరిగినా నీడ జరగదు. కారణం నువ్వు చెప్పకు, ఏ స్తంభందో వెతుకురా అని వదిలెయ్యి. మా బిడ్డ ఒక్కో స్తంభం కాడికి ఉరికి, చేతులు చాపి నిలబడి, ఇది కాదు నాన్నా, ఇది గూడ కాదు అనుకుంట గుడంత తిరిగింది, ఇంటికొచ్చినంక గూడ అదే లొల్లి, రాత్రి టార్చి లైటు పెట్టి గోడ మీద నీడలు చూసినం. కార్తీక సోమవారాలు మాత్రం జనం మస్తుంటరు, వేరే రోజు చూస్కొని పొండ్రి.