2001: ఎ స్పేస్ ఒడిస్సీ: ఫ్రేముల్లో దాగిన అర్థాలు, మీ కంటికి ఏం దొరికాయి?

తెరచాటు:
స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన ఈ సినిమాలో అర్థాల వేట ఇంకా ఆగలేదు. యూట్యూబ్ వీడియోల సారాంశం ఇక్కడ వద్దు. మీరు చూస్తున్నప్పుడు మీకు తట్టిందేంటో, అది ఏ సీన్లో ఉందో చెప్పండి. ముందు నాది చెప్తాను.

మోనోలిత్, అంటే ఆ నల్ల పలక, దాన్ని తాకే చేతులు గమనించండి. మొదట కోతిమనిషి భయంభయంగా, చెయ్యి వెనక్కి లాక్కుంటూ ఒట్టి వేళ్లతో తాకుతాడు. చంద్రుడి మీద శాస్త్రవేత్త డాక్టర్ ఫ్లాయిడ్ తాకుతాడు గానీ చేతికి స్పేస్‌సూట్ గ్లవ్ ఉంది. చివర్లో మంచం మీద ముసలివాడైపోయిన వ్యోమగామి బౌమన్ చెయ్యి ఎత్తుతాడు, అందదు. చర్మం, గ్లవ్, ఆ తర్వాత ఖాళీ. తెలివి పెరిగినకొద్దీ చేతికీ పలకకీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. అసలు మార్పు మాత్రం అందని ఆ మూడోసారే జరుగుతుంది. నామటుకు నాకు సినిమా మొత్తం ఆ మూడు చేతుల్లోనే ఉంది.

రీలుబాక్సు:
చేతుల మాట వచ్చింది కాబట్టి పెన్ను సీన్ చెప్పాలి అన్నా. కోతిమనిషి విసిరిన ఎముక గాల్లోకి లేచి ఉపగ్రహమయ్యే కట్ గురించి అందరూ రాస్తారు. ఆ తర్వాత కాసేపటికి వచ్చే షాట్‌ని దాటేస్తారు. ఫ్లాయిడ్ సీట్లో నిద్రపోతుంటాడు, చెయ్యి తేలుతుంటుంది, పెన్ను జారిపోయి గాల్లో మెల్లగా తిరుగుతుంటుంది. ఎయిర్‌హోస్టెస్ వచ్చి దాన్ని పట్టుకుని అతని జేబులో పెడుతుంది. ఇందాక ఎముకను పిడికిట్లో బిగించి పట్టిన జాతే ఇది! ఇప్పుడు పనిముట్టు చెయ్యి దాటిపోయింది, మనిషికి తెలియదు. వ్యోమనౌకని నడిపే కంప్యూటర్ హాల్ కథ నా లెక్కలో ఇక్కడే మొదలవుతుంది. పెన్నుని గాజు పలకకి రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి, ఆ పలకని తిప్పుతూ తీశారు. ఊరికే అందం కోసం ఇంత శ్రమ పడతారా?

64గళ్లు:
చెస్ ఆడేవాడిగా నా వాటా. నౌకలో వ్యోమగామి పూల్, హాల్ ఆడేది కల్పించిన ఆట కాదు. 1910లో హాంబర్గ్‌లో రోష్, ష్లాగే ఆడిన గేమ్ అది. బోర్డు మీద పావులు సరిగ్గానే ఉన్నాయి. తేడా అంతా హాల్ మాటలో ఉంది. "క్వీన్ టు బిషప్ త్రీ" అంటుంది. పాత పద్ధతిలో ఎవరి వైపు నుంచి వాళ్లు గళ్లు లెక్కపెడతారు. హాల్ ఆడేది నల్లపావులతో, కాబట్టి "బిషప్ సిక్స్" అనాలి. పూల్ బోర్డు వంక చూసి, నువ్వు చెప్పింది నిజమేలా ఉంది అని రిజైన్ చేసేస్తాడు.

కుబ్రిక్ కుర్రతనంలో న్యూయార్క్ పార్కుల్లో డబ్బులకి చెస్ ఆడినవాడు. ఆయన కన్నుగప్పి ఈ తప్పు పడిందంటే నేను నమ్మను. నౌక యాంటెన్నాలోని ఏఈ-35 యూనిట్ చెడిపోతుందని హాల్ తప్పు చెప్పేది దీని తర్వాతే. అంటే అంతకుముందే యంత్రం ఒక తప్పు మాట అంది, మనిషి సరిచూసుకోకుండా తలూపాడు. చెస్ తెలిసినవాడికి మాత్రమే వినపడే హెచ్చరిక అది.

తెరచాటు:
64గళ్లు గారూ, ఇది బంగారం. ఇలాంటివే కావాలి.

తెలుగు_ప్రవాసి:
2018లో యాభై ఏళ్ల సందర్భంగా 70 ఎంఎం ప్రింట్లు మళ్లీ వేసినప్పుడు ఇక్కడ అమెరికాలో చూశాను. బొమ్మ మొదలయ్యేముందు కొన్ని నిమిషాలపాటు నల్లటి తెర, దాని మీద లిగెటి సంగీతం. పలక ఎదుట కోతిమనుషులు గుమిగూడినప్పుడు వినిపించేదీ లిగెటీయే. అప్పుడు ఒళ్లు జలదరించింది. పలకని అడ్డంగా పడుకోబెడితే సినిమా తెర అవుతుందని ఒక వాదం ఉంది కదా, థియేటర్లో కూర్చుంటే అది వాదంలా అనిపించలేదు. ఆ కోతిమనుషుల గుంపులో మేమూ ఉన్నాం.

పాతప్రొజెక్టర్:
బాబూ, ఆ అనుభవాన్ని కాదనను. కానీ 1968 నాటి పద్ధతి వేరు. పెద్ద సినిమాలకి ముందు వేసే ఓవర్చర్ సంగీతం తెరకి కర్టెన్లు మూసి ఉండగా వినిపించేది, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉండేవాళ్లు. నల్ల తెరని తదేకంగా చూడటం వీడియో రోజుల్లో మొదలైంది. ఆ వాదానికి ఇంతకన్నా గట్టి ఆధారం చివర్లో ఉంది. పడగ్గదిలో కెమెరా నేరుగా పలకలోకి వెళ్తుంది, తెరంతా నలుపైపోతుంది, అందులోంచే చంద్రుడు కనిపిస్తాడు. అక్కడ పలక, తెర నిజంగానే ఒకటవుతాయి.

మేకింగ్_పిచ్చి:
ప్రతీకలన్నీ కాగితం మీద పుట్టినవి కావు, ఇది కూడా గుర్తుపెట్టుకోండి. చిరుతపులి కళ్లు వెలిగిపోయే షాట్ ఉంది కదా. ఎడారి దృశ్యాలు నమీబియాలో తీసిన స్టిల్ ఫొటోలు. వాటిని ఇంగ్లండ్ స్టూడియోలో ఫ్రంట్ ప్రొజెక్షన్‌తో, అంటే ముందు వైపు నుంచి వెలుగు వేసి, నటుల వెనక తెర మీద వేశారు. ప్రొజెక్టర్ వెలుగు, కెమెరా చూపు ఒకే గీత మీద ఉండటంతో పులి కళ్లు అలా మెరిశాయి.

చివర్లో పగిలే గ్లాసు సంగతి ఇంకా ముఖ్యం. దేహం పగిలినా ప్రాణం మిగలడమని ఎన్ని వ్యాసాలు వచ్చాయో! ఆ ఆలోచన ఇచ్చింది బౌమన్ వేషం వేసిన కియర్ డల్లే. తల తిప్పి మంచం వైపు చూడటానికి తనకొక కారణం కావాలి, గ్లాసు పడేస్తానని కుబ్రిక్‌ని అడిగాడు.

రీలుబాక్సు:
అయితే అర్థం లేనట్టేనా? ఒప్పుకున్నది కుబ్రిక్, ఎడిటింగ్‌లో ఉంచింది కుబ్రిక్. వాషింగ్టన్‌లో మొదటి ఆట అయ్యాక దాదాపు 19 నిమిషాలు కోసేసిన మనిషి ఆ గ్లాసుని మాత్రం ఉంచాడు.

మేకింగ్_పిచ్చి:
నేను చెప్పేదీ అదే బ్రో. ఉంచడం కూడా రాయడం లాంటిదే. ఎక్కడ పుట్టిందో తెలిస్తే గౌరవం ఇంకా పెరుగుతుంది.

గోదారిగాలి:
చివర్లో బౌమన్ శిశువుగా మారి అంతరిక్షంలో తేలడం చూడగానే నాకు వటపత్రశాయి గుర్తొచ్చాడు. ప్రళయజలాల్లో ఆకు మీద పిల్లవాడు. అన్నీ ముగిశాక మిగిలే పసిరూపం. ఇంకెవరికైనా అలా అనిపించిందా?

64గళ్లు:
అనిపించింది. కానీ అది మనం వెంట తీసుకెళ్లింది. సినిమా తనకు తాను ఇచ్చిన ఆనవాలు సంగీతంలో ఉంది. రిచర్డ్ స్ట్రాస్ 1896లో ఆ స్వరాలు కట్టింది తత్వవేత్త నీషే రాసిన జరతుష్ట్ర గ్రంథం పేరు మీద. అందులో మనసు ఒంటె అవుతుంది, సింహమవుతుంది, చివరికి శిశువవుతుంది. సూర్యోదయం దగ్గర, ఎముక దగ్గర, శిశువు దగ్గర అదే సంగీతం. రెండూ మనసులో పెట్టుకుని చూడొచ్చు గోదారిగాలి గారూ, కుబ్రిక్ ఖాతాలో రెండోదే వేయాలి.

కొత్తగాచూశా:
హాల్ అక్షరాలు ఒక్కోటి ముందుకి జరిపితే ఐబీఎం వస్తుందని చదివాను?

పాతప్రొజెక్టర్:
కాకతాళీయమని కుబ్రిక్‌తో కలిసి ఈ కథ రాసిన ఆర్థర్ సి. క్లార్క్ స్పష్టంగా చెప్పాడు. హాల్‌కి ఉన్నది ఒకే కన్ను. హోమర్ ఒడిస్సీలో గుహలో బంధించిన ఒంటికన్ను రాక్షసుడితో పోల్చి చూడండి, అక్కడ ఎక్కువ దొరుకుతుంది.

తెలుగు_ప్రవాసి:
హాల్‌ని ఆపేసే ఎర్రగది గురించి ఎవరూ అనలేదు. బౌమన్ ఒక్కొక్కటిగా విప్పే జ్ఞాపకాల దిమ్మెలు పారదర్శకంగా, నిలువు పలకల్లా ఉంటాయి. బుల్లి మోనోలిత్‌లు! కుబ్రిక్ మొదట చేయించిన మోనోలిత్ కూడా పారదర్శకమైన ప్లాస్టిక్‌దే, తెర మీద నప్పక నలుపుకి మారాడు. అవి బయటికొచ్చేకొద్దీ హాల్ వెనక్కి, పసితనంలోకి వెళ్తుంది, మొదట నేర్చుకున్న "డైసీ బెల్" పాడుతుంది. 1961లో బెల్ ల్యాబ్స్‌లో ఐబీఎం కంప్యూటర్ నిజంగానే పాడిన పాట అది. యంత్రం పసితనానికి చేరి ఆరిపోతుంది, తర్వాత మనిషి శిశువుగా పుడతాడు.

తెరచాటు:
దీనికి పుట్టినరోజులు కలపండి. వీడియోఫోన్‌లో ఫ్లాయిడ్ మాట్లాడే పాపకి (ఆమె కుబ్రిక్ కూతురే) పుట్టినరోజు దగ్గరపడింది, తండ్రి రాలేనంటాడు. పూల్‌కి అమ్మానాన్న పుట్టినరోజు పాట పాడి పంపిస్తారు. అతను నల్లద్దాలు పెట్టుకుని సన్‌ల్యాంప్ కింద పడుకుని వింటాడు, ముఖంలో కదలికే ఉండదు. పాట అవగానే హాల్ కూడా శుభాకాంక్షలు చెబుతుంది. ఆ గొంతులో ఆప్యాయత, పూల్ ముఖంలో ఖాళీ, ఈ రెండూ పక్కపక్కన పెట్టి మళ్లీ చూసి ఇక్కడ రాయండి.