అద్దె ఇంటి మరమ్మతులు: పాత తలుపులు, అరలు కొట్టించేయాలా, ఊడదీయించాలా?

గంటస్తంభం వాసి (విజయనగరం):
మా పాత ఇంటి కింది వాటాలో చాలా ఏళ్లుగా ఉన్నవారు ఖాళీ చేశారు. మళ్లీ అద్దెకు ఇచ్చేలోపు బాగు చేయించాలి. టేకు ద్వారబంధాలు, కడప రాతి అరలు, నేల మరుగుదొడ్డి, పెరట్లో సిమెంటు రేకుల పంచ ఉన్నాయి. వెళ్లినవారు బిగించుకున్న గీజరు, కిటికీ గ్రిల్లు అలాగే ఉండిపోయాయి. అన్నీ కలిపి కొట్టేసి ట్రాక్టరుకు ఎత్తించేస్తానని మేస్త్రీ అంటున్నాడు. ఒప్పుకోవాలా?

అద్దె ఇళ్ల యజమాని (శ్రీకాకుళం):
ఒప్పుకోండి. ఇల్లు చూడటానికి వచ్చేవారు ముందు చూసేది బాత్రూము, వంటగది. పాత సామాను మీద మమకారంతో పని సాగదీస్తే పోయే అద్దె ఎవరిస్తారు? పాత కలపకు వచ్చే డబ్బు వడ్రంగి కూలికే సరిపోతుంది.

వడ్రంగి ఇంటి కోడలు (శ్రీకాకుళం):
దయచేసి ఒప్పుకోకండి. మార్చవద్దని నేను అనడం లేదు. పెద్దవాళ్లున్న కుటుంబం వస్తే నేల మరుగుదొడ్డి మార్చాల్సిందే. కానీ తీయడం వేరు, పగలగొట్టడం వేరు.

సుత్తి దెబ్బ పడితే టేకు ద్వారబంధం అతుకుల దగ్గర చీలిపోతుంది. ఇక అది పొయ్యిలోకే. వడ్రంగి అయితే ముందు మడతబందులు విప్పి తలుపు రెక్కలు దించుతాడు. గోడలోకి దిగిన ఇనుప పట్టీల చుట్టూ గారను ఉలితో చెక్కి, పట్టీలు కోస్తాడు. మూలలు వంగకుండా అడ్డకర్ర బిగించి ద్వారబంధాన్ని మొత్తంగా బయటికి తెస్తాడు. అడుగున చెద పట్టి ఉంటే మా మామగారు ఆ మేర కోసి కొత్త గడప అతికేవారు. అలా తీసిన తలుపులు మా చుట్టుపక్కల కొత్త ఇళ్లకు ఇప్పటికీ ఉన్నాయి. కడప రాయి కూడా అంతే. కింద ఆనించిన ఇటుక తీశాక పలకను లాగాలి, పైనుంచి కొడితే రెండు ముక్కలవుతుంది. ఒక్క మాట, పాత తలుపుల రంగును కాల్చి గీకించకండి. వెనకటి రంగుల్లో సీసం ఉండేది, ఆ పొగ, దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం.

ఆ ట్రాక్టరు ఎక్కడికి వెళుతుందో మేస్త్రీని అడిగారా? నాగావళి గట్టున విరిగిన కమోడ్లు, ఇటుక ముక్కలు కుప్పగా కనిపిస్తే నాకు కడుపు మండుతుంది. కూల్చిన చెత్తను వేరుగా ఉంచి, రోడ్డు మీదా కాలువల్లోనూ పోయకుండా చూసుకోవలసింది దాన్ని కూల్పించినవారేనని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. మేస్త్రీ పోశాడంటే చెల్లదు.

కోర్టు పని తెలిసినవాడు (విజయనగరం):
గీజరు, గ్రిల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, అద్దెదారు తాను బిగించుకున్నవాటిని ఇల్లు తన స్వాధీనంలో ఉండగా తీసుకుపోవచ్చు. ఇంటిని మాత్రం తనకు ఇచ్చినప్పుడు ఉన్నట్టే అప్పగించాలి. స్వాధీనం వదిలాక ఆ హక్కు ఉండదు. ముందు మీ అద్దె పత్రం ఒకసారి చూసుకోండి.

వడ్రంగి ఇంటి కోడలు:
హక్కు లేకపోయినా ఒక ఫోను చేయండి. ఇన్నేళ్లు మీ ఇంట్లో ఉన్నవారి గీజరును వారికి చెప్పకుండా పాత ఇనుము కొట్టుకు పంపడం మర్యాద కాదు.

అద్దె ఇళ్ల యజమాని:
ఇవన్నీ పాటిస్తే పని నెల పడుతుంది. పోనీ, రేకులైనా కొట్టేయవచ్చా?

వడ్రంగి ఇంటి కోడలు:
నెల పట్టదండీ, తలుపులకు రెండు రోజులు ఎక్కువవుతుంది, అంతే. రేకులను అసలే కొట్టకూడదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. పగిలితే కంటికి కనిపించని పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరతాయి. క్యాన్సర్ వచ్చినా ఎన్నో ఏళ్లకు గానీ బయటపడదు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత పగిలిన రేకులను మనవాళ్లు ఉత్త చేతులతో, ముక్కుకు గుడ్డయినా లేకుండా ఎత్తిపోశారు. ఆ పని మళ్లీ ఎవరిచేతా చేయించకండి. రేకులను నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా దించాలి. దించేవారికి మంచి మాస్కులు కొనివ్వండి, గుడ్డ సరిపోదు. పశువుల పాకకని ఎవరైనా అడిగినా ఆ రేకులు ఇవ్వకండి.

గంటస్తంభం వాసి:
అందరికీ ధన్యవాదాలు. ట్రాక్టరు వద్దని మేస్త్రీకి చెప్పాను. మరుగుదొడ్డి పని అతనిదే, తలుపులకు వేరే వడ్రంగి వస్తున్నాడు. పాతవారు గీజరు ఆదివారం తీసుకెళతామన్నారు, గ్రిల్లు మమ్మల్నే ఉంచుకోమన్నారు. రేకుల గురించి నగరపాలక సంస్థను అడగాలి. కడప పలకలు ఏడు దాకా ఉన్నాయి, ఒక్కోటి మూడడుగులు. దగ్గర్లో ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే చెప్పండి, ఊరికే ఇస్తాం.