మాల్డన్‌లో నాలుగు గదుల చెక్క ఇల్లు: కూల్చనివ్వాలా, కాపాడాలా?

బెండిగో బాటసారి:
మెల్‌బోర్న్‌కు వాయవ్యంగా, రెండు గంటల దూరంలో మాల్డన్ అనే చిన్న ఊరుంది. 1853లో బంగారం దొరకడంతో పుట్టిన ఊరు. 1966లో పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ దీన్ని ఆస్ట్రేలియాలో మొట్టమొదటి 'విశిష్ట పట్టణం'గా ప్రకటించింది. మా మిత్రుడొకరు అక్కడ విక్టోరియా రాణి కాలం నాటి కాటేజీ కొని కూల్చేయాలని చూస్తున్నారు. ముందు రెండు గదులు, వెనక రెండు, మధ్యలో సన్నని నడవ, పైన రేకులు. పేరున్నవాళ్లెవరూ అందులో పుట్టలేదు, పోలేదు. నేల ఎంత వాలిందంటే గది తలుపు వదిలితే దానంతటదే మూసుకుంటుంది. ఆ వీధి వారసత్వ రక్షణ పరిధిలో ఉంది కాబట్టి కూల్చాలంటే అనుమతి కావాలి. రాజమహల్ అయితే సరే, కూలివాడి ఇంటికీ ఇంత పట్టింపా? సొంత డబ్బుతో కొన్న ఇంటి మీద ఊరందరికీ హక్కేమిటి?

పాత దస్తావేజు:
కూలివాడి ఇల్లు కాబట్టే పట్టింపు ఉండాలి. ఒకప్పుడు అక్కడ బంగారం దొరికినా దొరకకపోయినా తవ్వేవాడు నెలనెలా లైసెన్సు రుసుము కట్టాల్సిందే. చూపలేకపోతే పోలీసులు పట్టుకుపోయేవారు. ఆ కడుపుమంటే 1854లో బల్లారాట్‌లో యురేకా తిరుగుబాటు అయింది. మరుసటి ఏడాది లైసెన్సు పోయి 'మైనర్స్ రైట్' అనే గని కార్మికుల హక్కు పత్రం వచ్చింది. ఏడాదికి ఒక పౌండు కడితే చాలు, తవ్వుకోవచ్చు, ఓటు వేయవచ్చు, ప్రభుత్వ భూమిలో కాస్త జాగా చూసుకుని ఇల్లు వేసుకోవచ్చు. భూమి మాత్రం సొంతం కాదు. తనది కాని నేల మీద రాతి మేడ ఎవరు కడతారు? బంగారు క్షేత్రాల్లో ఇన్ని చిన్న చెక్క ఇళ్లు వెలవడానికి అదొక కారణం. గోడకాగితం కొంచెం లేపి చూడమనండి. కింద గోనెగుడ్డ, దానికి అతికించిన పాత వార్తాపత్రికలు కనిపించడం ఈ ఇళ్లలో మామూలే. మేడలవాళ్లు ఉత్తరాలు, ఛాయాచిత్రాలు వదిలి వెళ్లారు. గని కార్మికుడి భార్యాబిడ్డలు ఎంత చోటులో సర్దుకున్నారో చెప్పేది ఆ నాలుగు గదులే.

కోనసీమ కుర్రవాడు:
ఇక్కడ మండువా లోగిళ్లను టేకు దూలాల కోసం విప్పి అమ్ముకుంటున్నారు, అడిగే నాథుడు లేడు. మీకు వద్దనే చట్టమైనా ఉంది, సంతోషించండి.

నేల ఎవరిది:
చరిత్ర 1853లోనే మొదలైందా? ఆ నేల అక్కడి ఆదివాసులైన జా జా వురుంగ్ ప్రజలది. బంగారం కోసం వాళ్ల వాగులన్నీ తిరగదోడారు. ఆ ఊరి శ్మశానంలో చైనీయులు అంత్యక్రియల్లో కాగితపు కానుకలు కాల్చిన ఇటుక కొలిమి ఉంది. వాళ్ల పేరు ఇక్కడ ఇంతవరకు ఒక్కరైనా ఎత్తారా?

పాత దస్తావేజు:
ఎత్తాల్సిందే. కానీ ఈ కాటేజీని పడగొడితే వాళ్లకు ఒరిగేదేమిటి?

రంపం సుత్తి:
ఇలాంటి ఇళ్లు బాగుచేయడమే నా పని. నేల వాలినంత మాత్రాన ఇల్లు పోయినట్టు కాదు. కింద ఇంటిని మోసే రెడ్ గమ్ చెట్టు కర్ర మొద్దులు చీకిపోయి ఉంటాయి. జాకీలతో ఇంటిని కొద్దికొద్దిగా లేపి వాటి స్థానంలో కాంక్రీటువి పెడతాం. ఆత్రపడి ఒక్కసారే లేపితే ప్లాస్టరు పగులుతుంది, తలుపులు బిగుసుకుంటాయి. భయపడాల్సింది పాత రంగులోని సీసానికి, తర్వాతి కాలంలో వెనక తగిలించిన వసారాలోని ఆస్బెస్టాస్‌కు. ఇంకో సంగతి, ఆ రక్షణ చాలావరకు బయటి రూపానికే. లోపల వంటిల్లు, స్నానాల గది మార్చుకోవడానికి మామూలుగా అడ్డు రాదు. వెనక కొత్త గదులకు అనుమతి అడగవచ్చు. ఇది తెలియకే చాలామంది కూల్చివేత అంటారు.

బెండిగో బాటసారి:
మొద్దుల సంగతి మిత్రుడికి చెబుతాను. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. చూసి మురిసేది పర్యాటకులు, గిరాకీ కాఫీ దుకాణాలకు, సీసం రంగు గీకించే బిల్లు మావాడికి! ఊరికి అంత ముద్దైతే ఖర్చు కూడా పంచుకోవాలి కదా?

పాత దస్తావేజు:
ఖర్చు దగ్గర నేనూ మీ వైపే. వద్దని చెప్పే ప్రభుత్వం మరమ్మతుకు చేయి కూడా అందించాలి. అయితే ఆ వీధి అలా మిగిలింది కాబట్టే మీ మిత్రుడి కన్ను దాని మీద పడింది. పక్కింటివాళ్లూ ఆయనలాగే ఆలోచించి ఉంటే ఆయన అక్కడ కొనేవారా? ఖాళీ స్థలమే కావాలంటే దగ్గర్లోని బెండిగో నగరం చుట్టూ కొత్త లేఅవుట్లున్నాయి. ఏదేమైనా, బయానా ఇవ్వకముందే అనుమతి వస్తుందో లేదో కనుక్కోమనండి.