కంట్రోల్ కీబోర్డు: ఒక కెమెరా కదలదు, మరొకటి ఆగదు

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. గుంటూరు దగ్గర మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో నేను కార్యాలయ వ్యవహారాలు చూస్తుంటాను. ఆవరణలో మూడు స్పీడ్ డోమ్ కెమెరాలున్నాయి. వాచ్‌మన్ గదిలో ఉన్న జాయ్‌స్టిక్ కీబోర్డుతో వాటిని తిప్పుతుంటారు. పాడైపోయిన మూడో కెమెరా స్థానంలో కొత్తది బిగించినప్పటి నుంచి రెండు ఇబ్బందులు మొదలయ్యాయి. కొత్త కెమెరా దృశ్యం తెర మీద స్పష్టంగా వస్తున్నప్పటికీ, కీబోర్డులో 3 ఎంచుకుని జాయ్‌స్టిక్ ఎటు వంచినా అది కదలడం లేదు. ఇంతకాలం బాగా పనిచేసిన మొదటి కెమెరా ఏమో, జాయ్‌స్టిక్ వదిలేసిన తర్వాత కూడా ఒక్కోసారి తిరుగుతూనే ఉంటోంది. మళ్లీ కదిపి వదిలితే ఆగుతోంది. కీబోర్డే మార్చాలని బిగించినవారు చెబుతున్నారు. కొనే ముందు మేము చూసుకోగలిగినవి ఏమైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.

సమాధానం

అయ్యా, రెండో కెమెరా సరిగ్గా తిరుగుతోందంటే కీబోర్డును అనుమానించడానికి నాకు కారణం కనిపించడం లేదు. దృశ్యం వచ్చే దారి వేరు, ఆజ్ఞ వెళ్లే దారి వేరు. మీ దగ్గర ఆజ్ఞలు ఆర్‌ఎస్-485 అనే రెండు తీగల లైను మీద వెళుతుంటాయి కాబట్టి, బొమ్మ బాగా వచ్చినంత మాత్రాన ఆ లైను బాగున్నట్టు కాదు.

ముందుగా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. కీబోర్డులో 3కు బదులు 4 ఎంచుకుని జాయ్‌స్టిక్ కదపండి. కెమెరా లోపల ఉండే చిన్న డిప్ స్విచ్‌ల విలువలు వరుసగా 1, 2, 4, 8 అని రెట్టింపవుతూ పోతాయి. మూడో నంబరు కావాలంటే మొదటి రెండు స్విచ్‌లు ఆన్‌లో ఉండాలి. మూడో కెమెరా కదా అని మూడో స్విచ్ ఒక్కదాన్నే పైకెత్తితే దాని చిరునామా 4 అవుతుంది, ఇది చాలా చోట్ల జరిగేదే. స్విచ్ మార్చాక కెమెరాకు కరెంటు తీసి మళ్లీ ఇవ్వండి, చాలా మోడళ్లు చిరునామాను ఆన్ అయ్యేటప్పుడే చదువుకుంటాయి.

అప్పటికీ కదలకపోతే ప్రోటోకాల్ (ఆజ్ఞలు రాసే భాష), బాడ్ రేటు (వాటిని పంపే వేగం) రెండు వైపులా ఒకటేనా అని చూడాలి. పెల్కో-డి, పెల్కో-పి అనేవి అలాంటి రెండు ప్రోటోకాళ్లు; పెల్కో-డి ఆజ్ఞ 7 బైట్లు, పెల్కో-పి ఆజ్ఞ 8 బైట్లు. ఒకదానికి అమర్చిన కెమెరాకు రెండోది అర్థం కాదు. కీబోర్డు 2400లో పంపుతుంటే కెమెరా 9600లో వింటున్నా అంతే. చివరగా, కొత్త కెమెరా దగ్గర ఏ, బి తీగలు తారుమారయ్యాయేమో గమనించండి.

ఆగకుండా తిరిగే కెమెరా సంగతి వేరు. పెల్కో-డిలో జాయ్‌స్టిక్ వంచినప్పుడు ‘తిరుగు’ అనే ఆజ్ఞ, వదిలినప్పుడు ‘ఆగు’ అనే ఆజ్ఞ విడివిడిగా వెళతాయి. రెండోది దారిలో చెడిపోతే, ఆజ్ఞ సరిగ్గా అందిందో లేదో సరిచూసే చెక్‌సమ్ అనే అంకె కుదరదు, కెమెరా దాన్ని పట్టించుకోదు, మొదటి ఆజ్ఞ ప్రకారమే తిరుగుతూ ఉంటుంది. అంటే మీ లైనులోకి ఏదో విద్యుత్ అలజడి చేరుతోంది. కొత్త కెమెరాకు తీగ ఎక్కడి నుంచి, ఏ దారిన లాగారో చెప్పగలరా? అన్నింటికీ కరెంటు తీసేసి, కీబోర్డు దగ్గర ఏ, బి తీగల మధ్య మల్టీమీటరుతో ఎన్ని ఓమ్‌లు వస్తున్నాయో కూడా రాయండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. 4 ఎంచుకోగానే కొత్త కెమెరా తిరిగింది. పాత తీగ కీబోర్డు నుంచి మొదటి కెమెరాకు, అక్కడి నుంచి రెండో దానికి వెళుతుంది. కొత్త తీగను మాత్రం కీబోర్డు నుంచే నేరుగా, కంప్రెసర్‌కు వెళ్లే త్రీఫేజ్ కేబుల్ ఉన్న పైపులోనే లాగారు. మీటరులో సుమారు 40 ఓమ్‌లు చూపిస్తోంది. కంప్రెసర్ ఆన్ అయ్యే సమయంలోనే మొదటి కెమెరా మొండికేస్తోందని వాచ్‌మన్ అంటున్నాడు.

సమాధానం

మీ వాచ్‌మన్ సరిగ్గానే పట్టుకున్నాడు. లైను అంతా ఒకటే కాబట్టి కొత్త తీగలోకి చేరిన మోటారు అలజడి మొదటి కెమెరాకూ అందుతుంది. ఆ తీగను పవర్ కేబుల్ పైపులోంచి తీసి వేరే పైపులో లాగించండి. మెలితిప్పిన జంట తీగ, షీల్డు ఉన్నదైతే మరీ మంచిది.

40 ఓమ్‌లంటే 120 ఓమ్‌ల టెర్మినేషన్ (సంకేతం కొస నుంచి వెనక్కి తిరిగి రాకుండా ఏ, బి తీగల మధ్య పెట్టే నిరోధకం) మూడు చోట్ల ఆన్‌లో ఉందన్నమాట. అది లైను రెండు కొసల్లోనే ఉండాలి, అప్పుడు మీటరు 60 దగ్గర చూపిస్తుంది. మీ లైనుకు కొసలు రెండో కెమెరా, మూడో కెమెరా. కీబోర్డు ఇప్పుడు మధ్యలోకి వచ్చింది. కనుక కీబోర్డు వెనుక ఉన్న టెర్మినేషన్ స్విచ్‌ను ఆఫ్ చేసి మళ్లీ కొలవండి.

మరొక సభ్యుడు

ప్రీసెట్ల గురించి, అంటే నంబరు ఇచ్చి కెమెరాలో నిల్వ చేసే స్థానాల గురించి ఒక మాట కలుపుతాను. కొత్త కెమెరాలో పాత స్థానాలు ఉండవు కాబట్టి గేటు, లారీల కాటా వంటి చోట్లను మళ్లీ నిల్వ చేసుకోవాలి. కెమెరాను అక్కడికి తిప్పి, జూమ్ సరిచేసి, నంబరు ఇచ్చి ప్రీసెట్ మీట నొక్కడం చాలా కీబోర్డుల్లో ఉండే పద్ధతి. కొన్నింటిలో ఆ మీటను కాసేపు నొక్కి పట్టాలి. 95 నంబరును మాత్రం వదిలేయండి, చాలా స్పీడ్ డోమ్‌లలో దాన్ని పిలిస్తే గేటుకు బదులు కెమెరా మెనూ తెరుచుకుంటుంది.