ఇంగ్లీష్ నేర్పేటప్పుడు ముందు వినడమేనా, నాలుగూ కలిపేనా?

తొలిబెంచీ:
కొత్త బ్యాచ్ మొదలవబోతోంది, అందరూ పెద్దవాళ్ళే, అక్షరాలొచ్చు, చిన్న చిన్న మాటలు చదువుతారు, అంతకుమించి రాదు. తోటి టీచర్లు కొందరు గట్టిగా అనేదేంటంటే మొదటి కొన్ని నెలలు వినిపించడమే, మాట్లాడమని అడగొద్దు, చదవడం తర్వాత, రాయడం అన్నిటికంటే చివర అని. నాకైతే మొదటి రోజు నుంచే నాలుగూ కలిపి నడపాలనుంది. మీరేమంటారు? క్లాసులో చూసింది చెప్పండి.

వినికిడి:
వాళ్ళ మాటలో న్యాయం ఉందండి. 1980ల్లో భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ చెప్పింది ఇదే కదా, అర్థమయ్యే భాష బోలెడంత వింటే, చదివితే మాట దాని వెనకే వస్తుందని. మొదట్లో కొందరికి నోరు తెరవని దశ ఉంటుంది, ఓపిగ్గా దాటనివ్వాలి. రెండో రోజే లేపి నిలబెట్టి నీ గురించి చెప్పు అంటే బట్టీ పట్టిన నాలుగు ముక్కలు అప్పజెప్పి కూర్చుంటారు, ఆ తర్వాత మన కంట పడకుండా వెనకెక్కడో సర్దుకుంటారు. చాలామందిని అలా చూశాను, బాధేస్తుంది.

నల్లబల్ల:
దానికి జవాబు కూడా అప్పుడే వచ్చింది. కెనడాలో ఇంగ్లీష్ మాట్లాడే ఇళ్ళ పిల్లలకి సబ్జెక్టులు ఫ్రెంచ్‌లో చెప్పే స్కూళ్ళున్నాయి, ఏళ్ళ తరబడి విన్నారు, వింటే చక్కగా అర్థమయ్యేది, కానీ మాట్లాడినా రాసినా వ్యాకరణం తప్పులు అలాగే ఉండిపోయాయి. అది చూసే అక్కడి భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో అన్నారు, వినేటప్పుడు సందర్భాన్ని బట్టి అర్థం లాగేయొచ్చు, సొంతంగా వాక్యం కట్టాల్సొస్తేనే వ్యాకరణం మీదకి దృష్టి పోతుందని. పైగా మీ బ్యాచ్ పసిపిల్లలు కాదు, సొంత భాషలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు, ఆ బలాన్ని నెలల తరబడి పక్కన పెట్టించడం అన్యాయం.

వినికిడి:
పెద్దవాళ్ళ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. నా గోడల్లా ఏంటంటే వినడం అనేది అసలు ఎవరూ నేర్పట్లేదు, పరీక్ష మాత్రమే పెడుతున్నాం. ఆడియో వేస్తాం, ప్రశ్నలడుగుతాం, తప్పైతే మళ్ళీ వేస్తాం, అయిపోయింది. కాగితం మీద 'డిడ్ యూ ఈట్' చూస్తే మూడు మాటలూ తెలుసు, అదే మామూలు వేగంలో 'డిజ్యీట్' అని ఒక్క ఊపులో వస్తే ఏమీ తెలియనట్టు చూస్తారు. ఎక్కడ రెండు మాటలు అతుక్కున్నాయి, ఏ అచ్చు తేలిపోయింది అని ఆ ముక్క దగ్గరే ఆపి చూపించాలి.

నల్లబల్ల:
దీనికి మాత్రం నూటికి నూరు పాళ్ళు సై. అప్పుడు రాసింది ఎదురుగా పెట్టుకునే కదా వినిపించాలి, అంటే కలిపినట్టే!

పలకాబలపం:
డిక్టోగ్లాస్ చేసి చూడండి. ఐదారు వాక్యాల పేరా మామూలు వేగంలో రెండుసార్లు చదువుతాం, డిక్టేషన్‌లా ఆపి ఆపి కాదు. వాళ్ళు దొరికిన మాటలు రాసుకుంటారు, తర్వాత ముగ్గురు నలుగురు కూర్చుని ఆ పేరాని మళ్ళీ కడతారు, చివర్లో అసలుదానితో పోల్చుకుంటారు. అక్కడ 'ఎ' ఉందా 'ది' ఉందా, 'వాక్' అన్నారా 'వాక్డ్' అన్నారా అని వాదించుకుంటారు చూడండి, మనం బోర్డు మీద గంటసేపు చెప్పినా అంత శ్రద్ధ రాదు. ఆ వాదన ఇంగ్లీష్‌లో సాగకపోయినా మొదట్లో పట్టించుకోవద్దు. కొత్త బ్యాచ్‌కైతే రెండు వాక్యాలు చాలు.

తొలిబెంచీ:
బాగుంది. కానీ ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగింటికీ విడివిడిగా మార్కులిస్తారు కదా, మాకూ విడివిడిగానే చెప్పండి అని స్టూడెంట్లే అడుగుతారు, వాళ్ళకేం చెప్పాలి?

పలకాబలపం:
విడిగా కొలిచినంత మాత్రాన విడిగా నేర్పాలని లేదు. 2005లో వచ్చిన ఇంటర్నెట్ టోఫెల్‌లో చదివి, విని, ఆ రెండిటి మీద మాట్లాడమనీ రాయమనీ పెట్టారు. భాష ఎంతవరకు వచ్చో కొలిచే యూరప్ కౌన్సిల్ వాళ్ళ ప్రమాణం సీఈఎఫ్ఆర్ కూడా 2001లోనే, గ్రహించడం, చెప్పడం, ఇద్దరి మధ్య సంభాషణ, ఒకరి మాట ఇంకొకరికి అందించడం అనే విభజనకి వచ్చింది, నాలుగు నైపుణ్యాల లెక్క సరిపోవట్లేదనే. పరీక్ష దగ్గర పడ్డాక పేపర్ పద్ధతికి విడిగా ప్రాక్టీస్ పెట్టండి, అది వేరే పని.

వినికిడి:
ఒక్క షరతు. మాట్లాడించేది జంటల్లోనే, అందరి ముందూ లేపొద్దు, చెప్పింది పూర్తయ్యేదాకా తప్పు దిద్దొద్దు. ఇది పాటిస్తే మొదటి రోజు నుంచి మాట్లాడించడానికి నాకూ అభ్యంతరం లేదండి, కానీ క్లాసులో ఎక్కువ టైం మాత్రం వినడానికే ఇవ్వాలంటాను, అక్కడ తగ్గను.