8088 ప్రాసెసర్ 1 మెగాబైటుకు మించిన మెమరీని ఎలా వాడుకోగలిగింది?

ప్రశ్న (మద్దిలపాలెం, విశాఖపట్నం)

నమస్కారం. నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. తొలి ఐబీఎం పీసీలలోని 8088 ప్రాసెసర్‌కు 20 అడ్రసు లైన్లే (మెమరీ స్థానాన్ని సూచించే తీగలు) ఉన్నందున అది 1 మెగాబైటు దాటి చూడలేదనీ, అందులోనూ డాస్ (అప్పటి పీసీల ఆపరేటింగ్ సిస్టమ్) ప్రోగ్రాములకు 640 కిలోబైట్లే దక్కేవనీ చదివాను. అయినా అదే యంత్రాలలో ఈఎంఎస్ (ఎక్స్‌పాండెడ్ మెమరీ స్పెసిఫికేషన్) అనే అదనపు మెమరీ కార్డులు అమర్చి మెగాబైట్ల కొద్దీ మెమరీ వాడారట. అడ్రసే లేని మెమరీని ప్రాసెసర్ ఎలా చదివింది?

జవాబు 1 (ద్వారకానగర్)

1990ల తొలినాళ్లలో ఇక్కడి ఒక శిక్షణ సంస్థలో డాస్ బోధించినవాణ్ణి కనుక, ఇది నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. ప్రాసెసర్ 1 మెగాబైటు దాటలేదన్న మాట అక్షరాలా నిజం. మారినదల్లా ఒక అడ్రసు వెనుక ఏ మెమరీ ఉందన్నదే. 640 కిలోబైట్లకు పైనున్న 384 కిలోబైట్లను వీడియోకూ బయోస్‌కూ (యంత్రాన్ని మొదలుపెట్టే అంతర్గత ప్రోగ్రాము) కేటాయించారు. అందులో ఖాళీగా మిగిలిన 64 కిలోబైట్ల జాగాను, ఒక్కొక్కటి 16 కిలోబైట్ల చొప్పున నాలుగు పేజీలుగా తీసుకున్నారు. ప్రోగ్రాము అడిగినప్పుడు డ్రైవరు (కార్డును నడిపే ప్రోగ్రాము) కార్డులోని రిజిస్టరులో (ఏ భాగం కనిపించాలో చెప్పే చిన్న గడి) విలువను మార్చేది. ఆ క్షణం నుంచి అదే అడ్రసులో కార్డు మీది మరో భాగం కనిపించేది. మన ఓడరేవులో బెర్తు సంఖ్య మారదు, అక్కడికి వచ్చే ఓడ మాత్రమే మారుతుంది కదా, ఇదీ అంతే.

లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1985లో కలిసి దీన్ని ప్రమాణంగా ప్రకటించాయి. 1987లో వచ్చిన 4.0 రూపం 32 మెగాబైట్ల వరకు అనుమతించింది. అయితే ఏ సమాచారం ఏ పేజీలో ఉందో గుర్తుంచుకునే భారమంతా ప్రోగ్రాము రాసేవారిదే. స్ప్రెడ్‌షీటు గడులను దాచుకోవడానికి ఇది చక్కగా పనికొచ్చింది గానీ, ప్రోగ్రాము కోడును అక్కడ నడపడం చాలా కష్టంగా ఉండేది.

జవాబు 2 (గాజువాక)

పై వివరణ సరైనదే కానీ, ఘనత మొత్తం కార్డులకే ఇవ్వడం నాకు సమ్మతం కాదు. 64 కిలోబైట్లే ఉన్న సీపీ/ఎం (డాస్‌కు ముందరి ఆపరేటింగ్ సిస్టమ్) కాలంలోనే, అప్పటికి అవసరమైన కోడు భాగాన్ని మాత్రమే డిస్కు నుంచి తెచ్చి పాతదాని స్థానంలో ఉంచే ఓవర్లే పద్ధతి ఉంది. వర్డ్‌స్టార్ అనే రాత ప్రోగ్రాము అలాగే నడిచింది. డాస్ కూడా కమాండ్.కామ్‌లో (మనం టైపు చేసే ఆదేశాలను అందుకునే ప్రోగ్రాము) కొంత భాగాన్ని ప్రోగ్రాములు చెరిపివేయడానికి వీలుగా వదిలి, ప్రోగ్రాము ముగిశాక అవసరమైతే డిస్కు నుంచి మళ్లీ తెచ్చుకునేది. ఫ్లాపీ వేగం మీద ఆధారపడటం వల్ల ఇది నెమ్మదిగా సాగేది, అయినా అదనపు ఖర్చేమీ ఉండేది కాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తర్వాత వచ్చిన 80286 ప్రాసెసర్‌కు 16 మెగాబైట్ల సామర్థ్యం ఉన్నా డాస్ దాన్ని నేరుగా ఎందుకు వాడుకోలేదు?

జవాబు 1 (ద్వారకానగర్)

ఆ మెమరీ ప్రొటెక్టెడ్ మోడ్ అనే కొత్త పనితీరులోనే అందుతుంది, డాస్ మాత్రం రియల్ మోడ్ (8088 లాగే పనిచేసే పాత తీరు) కోసం రాసినది. పైగా 80286 ఒకసారి ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి వెళ్తే, ప్రాసెసర్‌ను రీసెట్ చేయకుండా వెనక్కి రాలేదు. ఒక చిన్న వెసులుబాటు మాత్రం దొరికింది: అడ్రసును సెగ్మెంటు (మొదలయ్యే చోటు), ఆఫ్‌సెట్ (అక్కడి నుంచి దూరం) కలిపి లెక్కిస్తారు కనుక, ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ సెగ్మెంటుకు ఆఫ్‌సెట్ కలిపితే, ఏ20 అనే 21వ అడ్రసు లైను తెరిచి ఉన్నప్పుడు, 1 మెగాబైటుకు పైన 65,520 బైట్లు రియల్ మోడ్‌లోనే అందుతాయి. 1991లో వచ్చిన డాస్ 5 తన సొంత కోడులో చాలా భాగాన్ని అక్కడికి తరలించింది. అసలు విముక్తి ఆ తర్వాతి ప్రాసెసర్ 80386తో వచ్చింది. దాని వర్చువల్ 8086 మోడ్ (ప్రొటెక్టెడ్ మోడ్‌లోనే పాత ప్రోగ్రాములను నడిపే తీరు), పేజింగ్ (అడ్రసు వెనుక ఉండే మెమరీని ప్రాసెసరే మార్చడం)ల సాయంతో ఈఎంఎం386 డ్రైవరు ఏ కార్డూ లేకుండానే ఈఎంఎస్‌ను సృష్టించింది. ఫ్రీడాస్‌ను (ఉచితంగా దొరికే డాస్ రూపం) వర్చువల్ మెషీన్‌లో పెట్టి, మెమరీ డ్రైవర్లు ఉన్నప్పుడూ లేనప్పుడూ, మెమరీ వివరాలు చూపే మెమ్ ఆదేశం ఇచ్చి చూడండి. ఆ తేడా మీకే కనిపిస్తుంది.