పన్నెండు లక్షల్లో హుషారైన బండి: టర్బోనా, స్విఫ్టా?

విశాఖ కుర్రాడు:
ఆన్‌రోడ్ 12 లక్షలు దాటలేను. వారమంతా మధురవాడ ట్రాఫిక్, ఆదివారం అరకు ఘాట్. నడుపుతుంటే మజా రావాలి. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ (టర్బో ఇంజన్ బండి) మాన్యువల్ మీద మనసుంది. మా బావేమో "స్విఫ్ట్ టాప్ మోడల్ తీసుకో, డబ్బు మిగులుద్ది" అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

నల్లమల దారి:
ఎన్ లైన్ తీసుకో తమ్ముడూ. 998 సీసీ టర్బో (ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఏర్పాటు), 120 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), 172 ఎన్‌ఎం టార్క్, అంటే బండిని లాగే బలం. ఆ టార్క్ 1500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే అందుతుంది. కొత్త స్విఫ్ట్‌లో 112 ఎన్‌ఎం, అది కూడా 4300 దగ్గర. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కేటప్పుడు బండిలో నలుగురు, ఏసీ ఆన్, ఎదురుగా గుండుపిన్ను మలుపు అనుకో. స్విఫ్ట్‌ని ఫస్ట్ గేర్‌కి దింపి ఇంజన్ అరిచేదాకా తొక్కాలి. టర్బో సెకండ్‌లోనే లాక్కుపోతుంది. పైగా నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. స్విఫ్ట్‌కి వెనక డ్రమ్ములే.

గుంటూరు మిర్చి:
అన్నా, కుర్రాడు ఘాట్ ఎక్కేది వారానికి ఒక్కరోజు. మిగతా ఆరు రోజులు యాభై దాటని రోడ్డు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద కూడా 120 దాటకూడదు, ఇక ఆ పవరంతా ఎక్కడ వాడతాడు? స్విఫ్ట్ బరువు తొమ్మిది వందల చిల్లర కిలోలే. స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతుంది. ఉన్న 82 పీఎస్‌నీ పూర్తిగా పిండుకోవచ్చు, నాకు మజా అంటే అదే. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా: 2024లో మూడు సిలిండర్లకి మారాక, పాత నాలుగు సిలిండర్ల ఇంజన్లోని ఆ నునుపు పోయింది. దానికి 90 పీఎస్ ఉండేది కూడా.

పాత పెట్రోల్:
మీరిద్దరూ చిన్న ఇంజన్ల మధ్యే కొట్లాడుకుంటున్నారు. అంతకంటే పెద్దది మనకెందుకు రాదో కూడా కుర్రాడికి తెలియాలి. 2006 నుంచి మన పన్ను లెక్క ఒకటే: పొడవు నాలుగు మీటర్లు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ దాటకపోతేనే చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటికి జీఎస్టీ 18 శాతం, దాటితే 40. అందుకే 1.4 లీటర్ల స్విఫ్ట్ స్పోర్ట్ ఇక్కడికి రాలేదు. యూరప్‌లో అమ్మిన 204 పీఎస్ ఐ20 ఎన్ కూడా అంతే. ఎన్ లైన్ని చూసి అదే ఇది అనుకోవద్దు. 2015లో ఫియట్ పుంటో అబార్త్ ధైర్యం చేసి 145 హార్స్‌పవర్‌తో వచ్చింది. నాలుగు మీటర్లలోపే ఉన్నా ఇంజన్ 1.4 కావడంతో పెద్ద కారు పన్ను పడింది. ఎక్కువకాలం నిలవలేదు. నాకిప్పటికీ బాధే.

విశాఖ కుర్రాడు:
పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్) సెకండ్స్‌లో చూడనా?

పాత పెట్రోల్:
నడపడానికి బంగారం. కానీ ఇక్కడ 2022లోనే ఆపేశారు. మాన్యువల్ అయితేనే చూడు. నేనొకసారి డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ (రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చుకునే) బండి ఒకటి సెకండ్స్‌లో కొన్నా, కంపెనీ పేరు అనవసరం. ఏడాది తిరగకముందే గేర్‌బాక్స్ పోయింది. ఆ ఖర్చు తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

గుంటూరు మిర్చి:
ఆ భయం లేకుండా ఉండాలనే స్విఫ్ట్ అన్నది. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు వేయించు తమ్ముడూ. మలుపులో బండిని పట్టుకునేది అవే.

నల్లమల దారి:
టైర్ల మాట నిజమే, కానీ టైర్లు మారిస్తే టార్క్ రాదుగా. నా ఓటు మారదు. తమ్ముడూ, బీచ్ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్‌కి ఒప్పుకోకు. సింహాచలం కొండ ఎక్కిస్తామంటేనే వెళ్లు. ఇంట్లోవాళ్లని ముగ్గుర్ని ఎక్కించుకో, ఏసీ ఆపొద్దు, రెండు బండ్లనీ ఒకే రోజు నడుపు.

విశాఖ కుర్రాడు:
శనివారం పొద్దున్నే రెండు షోరూములకీ చెప్పా అన్నా. బావని కూడా తీసుకెళ్తున్నా. దిగగానే ఇక్కడ రాస్తా.